మిద్దె మీద సోలార్ సరే, మరి ఎర్తింగ్ ఎక్కడుంది? వైరు ఏది వేశారు?

ఎండాకాలం కరెంటు బిల్లు చూసి చాలా ఇళ్లు సోలార్ వైపు తిరుగుతున్నాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ వస్తోంది. దాంతో మధ్యతరగతి కుటుంబాలు కూడా ధైర్యం చేస్తున్నాయి. మా ఇల్లు కూడా అందులో ఒకటి. నంద్యాలలో మా మిద్దె మీద పోయినేడాది 6 ప్యానెళ్లు, కింద 3 కిలోవాట్ల ఇన్వర్టర్ పెట్టించాం. బిల్లు తగ్గింది, అబ్బా సంతోషపడ్డారు. రెండు నెలలు బాగానే గడిచింది.

ఒకరోజు మధ్యాహ్నం అమ్మీ ఆరేసిన బట్టలు తీసుకురావడానికి మిద్దె ఎక్కారు. తడి చేత్తో ప్యానెల్ స్టాండు కాలు పట్టుకున్నారు. చెయ్యంతా జుమ్మని లాగింది. కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండబట్టి అంతటితో పోయింది. సోలార్ పెట్టిన వాళ్లకు ఫోన్ చేస్తే, "కొత్తలో కొంచెం అలా ఉంటుందమ్మా, ఏం కాదు" అన్నారు.

నేను చదివింది బీకాం. కరెంటు గురించి నాకు తెలిసింది బిల్లు కట్టడం వరకే. కానీ "ఏం కాదు" అన్న మాట నమ్మబుద్ధి కాలేదు. మా వీధిలో రిటైరైన లైన్‌మన్ మామూ ఒకాయన ఉన్నారు. ఆయన్ని పిలుచుకొచ్చాం. ఆయన చూపించినవి, ఆ తర్వాత నేను ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లను అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. సోలార్ పెట్టించుకున్నవాళ్లు ఒకసారి మిద్దె ఎక్కి చూసుకోండి. పెట్టించుకోబోయేవాళ్లు డబ్బు కట్టకముందే అడగండి.

మామూ ఏం కనిపెట్టారు?

వచ్చీ రాగానే ఆయన ప్యానెళ్ల వైపు పోలేదు. "బేటా, ముందు గుంత చూపించు" అన్నారు. ప్రహరీ పక్కన ప్లాస్టిక్ మూత ఉన్న ఎర్త్ గుంత ఉంది. మూత తీస్తే లోపల పచ్చ వైరు ఊరికే పడి ఉంది. దేనికీ బిగించి లేదు. దాని కొన తుప్పు పట్టి ఊడిపోయింది. రాడ్డు లాగి చూస్తే రెండు అడుగులే. పైన మూత, రాడ్డు కొన కనపడుతున్నాయి కాబట్టి ఇన్నాళ్లూ అంతా ఉందనే అనుకున్నాం.

మరుసటి రోజు కొత్త రాడ్డు దింపి, వైరు సరిగ్గా బిగించాం. ఆ తర్వాతి ఉదయం ఇన్వర్టర్ ఆన్ కాలేదు. ఎర్ర లైటు వెలిగి, తెర మీద 'ఐసొలేషన్ ఫాల్ట్' అని పడింది. అబ్బాకు కోపం వచ్చింది. "నిన్నటిదాకా బాగా పనిచేసేది, ఎర్తింగ్ అని చెప్పి చెడగొట్టారు" అన్నారు. మామూ నవ్వారు. "భాయ్, నిన్నటిదాకా అది గుడ్డిది. ఇవాళ కళ్లొచ్చాయి" అన్నారు.

ఆ మాటలో చాలా విషయం ఉంది. ఇప్పుడొచ్చే ఇన్వర్టర్లు రోజూ పొద్దున మొదలయ్యే ముందు ఒక పరీక్ష చేస్తాయి. ప్యానెళ్ల నుంచి వచ్చే వైర్లు ఎక్కడైనా భూమికి తగులుతున్నాయా అని కొలుస్తాయి. తగులుతుంటే పనిచేయడం ఆపేస్తాయి. కానీ స్టాండుకు ఎర్తింగే లేకపోతే? వైరు తెగి స్టాండుకు తగిలినా, స్టాండుకు భూమితో లింకు లేదు కాబట్టి ఇన్వర్టర్‌కు తప్పు కనపడదు. మామూలుగానే నడుస్తుంది. తడి చేత్తో మనిషి పట్టుకున్నప్పుడు ఆ లింకు మనిషి ఒంట్లో నుంచి ఏర్పడుతుంది.

ఎర్తింగ్ సరిచేశాక తప్పు ఎక్కడుందో వెతికితే దొరికింది. ప్యానెళ్ల దగ్గర అసలు సోలార్ వైరు కొంచెమే వేసి, అక్కడి నుంచి కిందికి మామూలు ఇంటి వైరు అతికి టేపు చుట్టారు. ఆ వైరు స్టాండు రేకు అంచు మీదుగా పైపు లేకుండా పోతోంది. గాలికి ఊగి ఊగి, ఎండకు బిరుసెక్కి, అంచు దగ్గర తొడుగు తెగింది. లోపలి రాగి స్టాండుకు ఆనుకుని ఉంది. మా ఇంట్లో ఎర్తింగూ, వైరూ రెండూ ఒకేసారి తప్పాయి.

డిసి కరెంటు అంటే తేలిక కాదు

"ప్యానెల్ కరెంటు బ్యాటరీ కరెంటు లాంటిదేగా" అని చాలామంది అనుకుంటారు. 540 వాట్ల ప్యానెల్ ఒక్కదానికి ఖాళీగా ఉన్నప్పుడు దాదాపు 50 వోల్టులు ఉంటుంది. 6 ప్యానెళ్లను వరుసగా కలిపితే 300 వోల్టులు. మన ఇంటి సాకెట్లో ఉండే 230 కంటే ఎక్కువ.

పైగా ఇది డిసి. ఇంటి ఎసి కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వచ్చి పోతుంది. అందుకే ఎసిలో నిప్పురవ్వ లేచినా ఆరిపోయే అవకాశం ఉంటుంది. డిసి సున్నాకు రాదు. వదులుగా ఉన్న జాయింటు దగ్గర నిప్పు లేచిందంటే వెల్డింగు రాడ్డులా మండుతూనే ఉంటుంది.

ఇంకో మాట. కింద మెయిన్ ఆఫ్ చేసినా ప్యానెళ్లలో కరెంటు పోదు. ఎండ ఉన్నంతసేపూ ఉంటుంది. ఇన్వర్టర్ ఆఫ్, ఇంట్లో కరెంటు లేదు కదా అని ప్యానెళ్ల వైర్లు ముట్టుకోకూడదు.

ఎర్తింగ్ ఎన్ని, దేనికి?

ఇంటి మీద సోలార్‌కు సాధారణంగా మూడు ఎర్త్ గుంతలు అడుగుతారు. ఒకటి డిసి వైపు: ప్యానెళ్ల ఫ్రేములు, స్టాండు, డిసి బాక్సు. రెండోది ఎసి వైపు: ఇన్వర్టర్ బాడీ, ఎసి బాక్సు. మూడోది పిడుగు కడ్డీకి, అంటే లైట్నింగ్ అరెస్టర్‌కు. ఒక గుంతకూ ఇంకో గుంతకూ మధ్య కనీసం ఒక రాడ్డు పొడవంత దూరం ఉండాలి. పక్కపక్కనే పాతితే మూడు పెట్టినా ఒకటి పెట్టినట్టే పనిచేస్తాయి.

ఈ మూడింటినీ ఎక్కడ కలపాలి, ఎక్కడ కలపకూడదు అన్నది డిజైన్ చేసిన ఇంజనీరు చెప్పాలి. మనమో, వీధి ఎలక్ట్రీషియనో సొంత తెలివితో కలపకూడదు.

రాడ్డు పొడవు మామూలుగా 3 మీటర్లు, అంటే దాదాపు 10 అడుగులు. రాగి పూత ఇనుప రాడ్డు గానీ, జీఐ పైపు గానీ వాడతారు. చుట్టూ ఎర్తింగ్ పౌడరు నింపుతారు. పాత పద్ధతిలో ఉప్పు, బొగ్గు వేస్తారు. ఉప్పు మొదట్లో బాగానే పనిచేస్తుంది. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఇనుమును తినేస్తుంది, వానకు కొట్టుకుపోతుంది.

ఎంత లోతు అన్నదానికంటే కొలిస్తే ఎంత వచ్చింది అన్నది ముఖ్యం. ఎర్త్ టెస్టర్ అని ఒక మీటరు ఉంటుంది. దాంతో కొలిస్తే ఎర్త్ రెసిస్టెన్స్ ఓమ్‌లలో తెలుస్తుంది. సోలార్‌కు సాధారణంగా 5 ఓమ్‌ల లోపు ఉండాలని అడుగుతారు. మా పాత రాడ్డు కొలిస్తే 48 వచ్చింది. పొడవు రాడ్డు దింపి పౌడరు వేశాక 3.5కి దిగింది.

మన రాయలసీమలో, హైదరాబాదులో నేల కింద బండ ఎక్కువ. బండ కరెంటును సరిగ్గా లోపలికి తీసుకోదు. డ్రిల్లు ఆరు అడుగులకే ఆగిపోతే పనివాళ్లు రాడ్డు కోసేసి మూత పెట్టేస్తారు. అలా ఒప్పుకోకండి. బోరు వేసినట్టు ఇంకా లోతుకు రంధ్రం చేయడం, లేదా దూరంగా ఇంకో రాడ్డు పాతి రెండూ కలపడం అనే దారులు ఉన్నాయి. ఎండాకాలంలో నేల ఎండితే రీడింగు పెరుగుతుంది. అందుకే గుంతలో అప్పుడప్పుడు ఒక బకెట్ నీళ్లు పోయమని చెప్తారు. కొలిచేది కూడా వానలప్పుడు కాదు, ఎండాకాలంలో కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఎక్కువగా చేసే తప్పులు

బోరు పైపుకు ఎర్త్ కట్టడం. ఇది చాలా ఇళ్లలో ఉంది. లీకేజీ వచ్చినప్పుడు ఆ కరెంటు బోరు పైపుకు, అక్కడి నుంచి కుళాయిలకు రావచ్చు. వజూ చేసే చోట, స్నానాల గదిలో మనిషి తడి కాళ్లతో ఉంటాడు. మసీదుల్లో, మదరసాల్లో సోలార్ పెట్టించే కమిటీ పెద్దలు ఈ ఒక్క విషయం తప్పక చూడాలి.

ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలపడం. ఎర్త్ లేదంటే కొందరు బోర్డులోనే న్యూట్రల్ నుంచి ఒక ముక్క లాగి ఎర్త్ అంటారు. వీధి స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజు ఇంట్లో ప్రతి ఇనుప వస్తువుకూ కరెంటు వస్తుంది.

డిసి మైనస్ వైరును ఎర్త్‌కు కట్టడం. కార్లలో, ట్రాక్టర్లలో మైనస్‌ను బాడీకి కడతారు కాబట్టి ఇక్కడా అంతే అనుకుంటారు. మన ఇళ్లలో పెట్టే ట్రాన్స్‌ఫార్మర్ లేని ఇన్వర్టర్లకు ప్లస్సూ మైనస్సూ రెండూ ఎర్త్‌కు తగలకూడదు. ఎర్త్ చేసేది లోహపు బాడీని మాత్రమే. మైనస్‌ను కడితే ఇన్వర్టర్ పాడవుతుంది.

ఫ్రేముకు వైరు ఊరికే చుట్టడం. ప్యానెల్ అల్యూమినియం ఫ్రేము మీద కంటికి కనపడని ఒక పూత ఉంటుంది. దాని గుండా కరెంటు పోదు. ఫ్రేముకు ఎర్త్ గుర్తు ఉన్న రంధ్రం ఇచ్చి ఉంటారు. అక్కడ పళ్ల వాషరు వేసి బిగిస్తే ఆ పళ్లు పూతను చీల్చుకుని లోపలి లోహానికి తగులుతాయి. ఒట్టి రాగిని అల్యూమినియం మీద బిగిస్తే వాన తడికి రెండిటి మధ్యా తుప్పు మొదలవుతుంది. అందుకే తగరం పూత ఉన్న లగ్గు, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు వాడాలి. ప్రతి ప్యానెల్‌కూ ఎర్త్ తగలాలి. ఒకదానికి కట్టి ఆరింటికీ అయిపోయిందంటే కుదరదు.

ప్యానెల్ నుంచి ప్యానెల్‌కు 4 లేదా 6 ఎస్‌క్యూ ఎంఎం పచ్చ-పసుపు రాగి వైరు వేస్తారు. అక్కడి నుంచి గుంత దాకా 25×3 మిల్లీమీటర్ల జీఐ పట్టీ వాడడం మామూలు. పిడుగు కడ్డీ నుంచి దిగే పట్టీ మాత్రం వేరుగా, వీలైనంత నిటారుగా, మలుపులు లేకుండా దిగాలి. దాన్ని సోలార్ వైర్ల పైపులోనే దూర్చకూడదు.

ఇక వైరు సంగతి

వైరు కొట్లో అడిగితే, "దీని మీద 1100 వోల్టులని రాసుంది కదా, సోలార్‌కు 300 వోల్టులే, సరిపోతుంది" అన్నారు. రాసింది నిజమే. కానీ ఆ ఇంటి వైరు గోడలో పైపు లోపల నీడలో ఉండటానికి చేసింది. దాని పీవీసీ తొడుగు 70 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. మే నెలలో నంద్యాల ఎండకు ప్యానెల్ వెనకాలే 65, 70 డిగ్రీలు కాగుతుంది. పైన వైరులో పారే కరెంటు వేడి వేరే. దానికి తోడు ఎండలోని కిరణాలు పీవీసీని పగలగొడతాయి. రెండు మూడు ఎండాకాలాల్లో అది పెళుసైపోతుంది. ప్యానెల్ మాత్రం 25 ఏళ్లు ఉండాల్సింది.

సోలార్ వైరు వేరే రకం. లోపల తగరం పూత పూసిన సన్నని రాగి పోగులు ఉంటాయి, కాబట్టి తొందరగా నల్లబడవు. తొడుగు రెండు పొరలు ఉంటుంది. 90 డిగ్రీలు మామూలుగా తట్టుకుంటుంది, ఎండను ఓర్చుకుంటుంది. డిసిలో 1500 వోల్టుల దాకా పనికొస్తుంది. కొనేటప్పుడు వైరు మీద అచ్చు చదవండి. ఐఎస్ 17293 అనో, ఈఎన్ 50618 అనో ఉండాలి. 'సోలార్' అని మాత్రమే రాసి నంబరు లేకపోతే తీసుకోకండి.

మరి సైజు ఎంత? కామర్స్ బుద్ధి కాబట్టి లెక్క వేసి చూశాను. మా ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్‌కు 20 మీటర్లు. పోనూ రానూ 40 మీటర్ల వైరు. మంచి ఎండలో 13 ఆంపియర్లు వస్తుంది.

2.5 ఎస్‌క్యూ ఎంఎం వేస్తే వైరులోనే 4 వోల్టులకు పైగా పోతుంది, దాదాపు 55 వాట్లు వేడి కింద కరిగిపోతాయి.
4 ఎస్‌క్యూ ఎంఎం వేస్తే రెండున్నర వోల్టులు చిల్లర, 34 వాట్లు.
6 ఎస్‌క్యూ ఎంఎం వేస్తే ఒకటిన్నర, రెండు వోల్టుల మధ్య, 23 వాట్లు.

ప్యానెళ్లు నడిచేటప్పుడు మొత్తం 246 వోల్టుల దాకా ఉంటాయి. 4 ఎస్‌క్యూ ఎంఎంలో పోయేది దాంట్లో ఒక శాతం చిల్లర. ఇది సరిపోతుంది. ఇన్వర్టర్ ఇంకా దూరంగా ఉంటే 6కు వెళ్లాలి. 2.5 వేసినా పోయేది రెండు శాతం లోపే కదా అని మీరనొచ్చు. నేనూ మామూను అదే అడిగాను. "వాట్లు పోతే పోనీ బేటా, కాగిన వైరు తొందరగా ముసలిదవుతుంది" అన్నారు.

ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా పోయే ఎసి వైరును చాలామంది పట్టించుకోరు. 3 కిలోవాట్లకు 13 ఆంపియర్లు, 5 కిలోవాట్లకు 22 ఆంపియర్లు పారుతుంది. మామూలుగా 3 కిలోవాట్లకు 4 ఎస్‌క్యూ ఎంఎం, 5 కిలోవాట్లకు 6 ఎస్‌క్యూ ఎంఎం రాగి వేస్తారు. ఇక్కడ సన్న వైరు వేస్తే ఇంకో చిక్కు వస్తుంది. మనం కరెంటును లైన్‌లోకి తోస్తున్నాం కాబట్టి ఇన్వర్టర్ దగ్గర వోల్టేజీ పెరుగుతుంది. 30 మీటర్ల దూరానికి 4 ఎస్‌క్యూ ఎంఎంలో 4 వోల్టులు పెరిగితే, 2.5లో 6 పెరుగుతుంది. వీధిలో మధ్యాహ్నం వోల్టేజీ అప్పటికే ఎక్కువగా ఉంటే, ఈ కాస్తకే ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. ఎండ బాగా ఉన్న గంటల్లోనే సోలార్ ఆగిపోతోందని కంప్లయింటు ఉన్నవాళ్లు ఒకసారి ఈ వైరు చూపించండి.

జాయింట్లు: నిప్పు పుట్టేది ఇక్కడే

డిసి వైరు మధ్యలో టేపు చుట్టిన జాయింటు ఉండకూడదు. ప్యానెల్ నుంచి డిసి బాక్సు దాకా ఒకటే వైరు రావాలి. కలపాల్సి వస్తే ఎంసీ ఫోర్ కనెక్టర్లతోనే కలపాలి. రెండు వైపులా ఒకే కంపెనీవి ఉండాలి. వేరే కంపెనీవి కూడా చూడటానికి బిగుసుకుంటాయి, కానీ లోపల సరిగ్గా తగలక కాగుతాయి. వాటిని చేతి పటకారుతో కాదు, దానికి ఉన్న క్రింపింగ్ టూల్‌తోనే నొక్కాలి. ఇన్వర్టర్ నడుస్తుండగా కనెక్టర్ పీకితే నిప్పు లేస్తుంది. ముందు ఎసి, తర్వాత డిసి స్విచ్ ఆఫ్ చేయాలి.

వైర్లను ప్యానెళ్ల కింద వేలాడనివ్వకండి. కోతులు లాగుతాయి, సంక్రాంతికి పిల్లలు పతంగులు ఎగరేస్తూ కాళ్లకు తగిలించుకుంటారు. పైపులో వేయించి, రేకు అంచు తగిలే ప్రతిచోటా రబ్బరు తొడుగు పెట్టించండి.

డిసి, ఎసి బాక్సుల్లో పిడుగుపాటు వోల్టేజీని కిందికి పంపే ఎస్‌పీడీ అని ఒక పరికరం ఉంటుంది. దాని కిటికీ పచ్చగా ఉంటే బాగున్నట్టు, ఎర్రగా మారితే మార్చాలి. ఎర్తింగ్ లేకపోతే ఇది ఉన్నా లేనట్టే, ఎందుకంటే దించడానికి దారి ఉండదు.

స్టాండు షాక్ కొడితే ఏం చేయాలి?

వెంటనే అందరినీ మిద్దె దింపి తలుపు వేయండి. కింద సోలార్ ఎసి స్విచ్, తర్వాత ఇన్వర్టర్ డిసి స్విచ్ ఆఫ్ చేయండి. ఆ తర్వాత కూడా స్టాండు ముట్టుకోకండి. మళ్లీ కొడుతుందా అని చెయ్యి పెట్టి చూడొద్దు. తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి కొలిచి, బాగుందని చెప్పేదాకా ఆన్ చేయొద్దు. "కొత్తలో అలాగే ఉంటుంది" అంటే ఒప్పుకోకండి. సరైన ఎర్తింగ్ ఉన్న స్టాండు కొత్తలోనైనా పాతబడ్డాకైనా జుమ్మనకూడదు.

డబ్బు కట్టకముందు అడగాల్సినవి

ఎర్త్ గుంతలు ఎన్ని, ఎక్కడ, రాడ్డు ఎంత పొడవు?
మీటరుతో కొలిచి ఒక్కో గుంత రీడింగు కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తారా?
డిసి వైరు ఏ ఐఎస్ నంబరుది, ఎంత సైజు? బిల్లులో రాస్తారా?
ప్రతి ప్యానెల్ ఫ్రేముకూ ఎర్త్ కడతారా?
రాడ్డు దింపేటప్పుడు మమ్మల్ని పిలుస్తారా?

చివరిది తప్పకుండా అడగండి. మట్టి కప్పేశాక ఎవరికీ ఏమీ కనపడదు. ఫోన్‌లో ఒక వీడియో తీసి పెట్టుకోండి.

మా ఇంట్లో రాడ్డు, పౌడరు, కొత్త సోలార్ వైరు, కూలీ అన్నీ కలిపి 11 వేల చిల్లర అయింది. సబ్సిడీలో వచ్చినదాంట్లో దాదాపు ఏడో వంతు. మొదట పెట్టినవాళ్లు ఈ పని సరిగ్గా చేసుంటే అందులో సగం కూడా అయ్యేది కాదు. ఇప్పుడు ఇన్వర్టర్ రోజూ పొద్దున పచ్చ లైటుతో మొదలవుతోంది. అమ్మీ మాత్రం ఇంకా ప్యానెళ్లకు నాలుగు అడుగుల దూరంలోనే బట్టలు ఆరేస్తున్నారు. వానలు మొదలవకముందే మీరు కూడా మీ ఇంటి గుంత మూత ఒకసారి తీయించి చూడండి.